నిమిషానికి డెబ్బై అయిదు చుట్లు

ఎం.ఎస్. రెండో ఏడాదిలో నేను కంప్యూటర్ మీద కంపనాల లెక్కలు చేస్తుండేవాణ్ణి. ఇండియాలో చదివిన ఆవిరి ఇంజిన్ల పాఠంతో ఇక జన్మలో పని ఉండదనుకున్నాను. ఆ పాఠమే నన్ను ఒక పాత మిల్లుకు తీసుకెళ్ళింది.

ఎనభైల మొదటి సంగతి. మా యూనివర్సిటీ ఉన్న ఊళ్ళో నది ఒడ్డున మూతపడ్డ నూలు మిల్లు ఒకటి ఉండేది. అమెరికా అంతటా ఫ్యాక్టరీలు, రైలు పట్టాలు పుట్టగొడుగుల్లా లేచిన కాలంలో, అంటే పంతొమ్మిది వందలకు అటూ ఇటూగా, కట్టినది. మగ్గాలూ కదుళ్ళూ అన్నీ అమ్ముడుపోయి ఆవిరి ఇంజిన్ ఒక్కటే మిగిలింది. దాని గదిని కూడా పడగొట్టి పార్కింగ్ చేయాలని ఊరి కౌన్సిల్ ఆలోచన. దాన్ని కాపాడాలని తిరుగుతున్న కొద్దిమందికి పెద్ద, డెబ్బై దాటిన ఒక రిటైర్డ్ మెషినిస్టు. కౌన్సిల్ ఆయనకు ఒకే ఒక అవకాశం ఇచ్చింది. అక్టోబరు మొదటి శనివారం ఇంజిన్ నడవాలి, ప్రమాదం లేదని ఊరి ఇంజినీరు సంతకం పెట్టాలి. లేదంటే అది పాత ఇనుము కింద పోతుంది.

మెషినిస్టు మా డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద కాగితం అంటించాడు. ఆవిరి ఇంజిన్ వాల్వులు సరిచేయడం తెలిసినవాళ్ళు కావాలని. నా అమెరికన్ సహపాఠులు చదివి నవ్వుకున్నారు. నేను నంబరు రాసుకున్నాను. నాకున్న అర్హతలు రెండు. మా కాలేజీలో వాల్వు డయాగ్రమ్ అప్పటికీ పదిహేను మార్కుల ప్రశ్న. పైగా గోదావరి జిల్లాలో ఒక పంచదార ఫ్యాక్టరీలో ఆరు వారాల ట్రైనింగ్‌లో అలాంటి ఇంజిన్‌నే విప్పి బిగించాను.

నా రూమ్మేట్‌ది వరంగల్. కారు అతనిదే కాబట్టి అడగక తప్పలేదు.

"చంద్రుని మీద కాలు పెట్టినోళ్ళ దేశమొచ్చి తాతల నాటి ఇంజన్‌కు నూనె పెడ్తవా?" అన్నాడు.

"డ్రాప్ చేస్తావా, చెయ్యవా?"

"చేస్త గానీ, నీ అడ్వైజర్‌కు తెలిస్తే ఫండింగ్ కట్ చేస్తడు. ఇగ గా ఇంజన్ రూంలనే పండాలె నువ్వు."

మెషినిస్టు మిల్లు ఇంజిన్ గది తలుపు తీశాడు. పన్నెండు అడుగుల ఇనుప చక్రం, ఫ్లైవీలు, సగం నేల కింద, సగం పైన. సిలిండరు మీద ఇత్తడి పలక. దాని మీద చెక్కిన అక్షరాలు ఇంకా చదవగలం: నిమిషానికి 75 చుట్లు. కాగితం మీద పెన్సిలుతో గీసిన వాల్వు, కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు నా ముందు మనిషి ఎత్తున ఉన్నాయి. నా వేళ్ళు ఆగలేదు. సిలిండరుకు ఒక చివర వాల్వు తొందరగానూ, రెండో చివర ఆలస్యంగానూ తెరుచుకుంటోంది. రెండు ఆదివారాల్లో సరిచేశాను.

"ఇదంతా నీకెవరు నేర్పారు అబ్బాయ్?" అన్నాడు మెషినిస్టు.

"సిలబస్ మార్చడం మరిచిపోయినవాళ్ళు," అన్నాను.

బాయిలర్ ఎప్పుడో పోయింది. ఆవిరి బదులు, రోడ్లు తవ్వేవాళ్ళ దగ్గర అద్దెకు తెచ్చిన కంప్రెసర్ గాలి పెట్టాం. మూడో ఆదివారం ఫ్లైవీలు కదిలింది. మెషినిస్టు టోపీ తీసేశాడు. నేను గడియారం చూస్తూ లెక్కపెట్టాను. అరవై. డెబ్బై. డెబ్బై అయిదు దాటింది. ఎనభై నాలుగు దగ్గర నిలిచింది. నేల అదురుతోంది, గోడ నుంచి సున్నం రాలుతోంది. గాలి కట్టేశాం. చేత్తో వాల్వు కొంచెం మూసి నడిపితే ఒకసారి ఆగిపోయింది, ఒకసారి మళ్ళీ ఎనభై నాలుగుకు పోయింది. ఊరి ఇంజినీరు ఇది చూస్తే సంతకం పెట్టడు. శనివారానికి ఆరు రోజులు.

వేగాన్ని అదుపులో పెట్టేది గవర్నరు. బెల్టుతో తిరిగే రెండు ఇనుప గుండ్లు. వేగం ఎక్కువైతే గుండ్లు విచ్చుకుని ఆవిరిని తగ్గిస్తాయి. కొలవగలిగినవన్నీ కొలిచి, బీరువాలో దొరికిన పాత డ్రాయింగుతో పోల్చాను. అన్నీ సరిపోయాయి, ఒక్కటి తప్ప. గవర్నరు ఇరుసుకు బిగించిన పుల్లీ డ్రాయింగులో పది అంగుళాలు. నా ముందున్నది పదకొండుంపావు. పుల్లీ పెద్దదైతే గుండ్లు నెమ్మదిగా తిరుగుతాయి, ఇంజిన్ ఇంకా వేగం అందుకోలేదనుకుంటాయి. ఎవరో కావాలనే మార్చారు. ఎందుకో మెషినిస్టుకూ తెలియలేదు. తన వీధిలో ఉండే ఒకావిడను బుధవారం తీసుకొచ్చాడు. ఆమెకు ఎనభై అయిదు దాటాయి. పద్నాలుగో ఏట ఈ మిల్లులో నూలు వడకడానికి చేరింది.

నేను పుల్లీ సంగతి చెప్పాను. ఆమె దాన్ని చూడనైనా చూడలేదు, నన్నే చూసింది.

"మాకు రోజుకు పది గంటల పని. చట్టం వచ్చి తొమ్మిది చేసింది. ఆ శనివారం వీధిలో డాన్సు చేశాం. సోమవారం వచ్చేసరికి దారాలు ఊరికే తెగుతున్నాయి. అతకలేక చచ్చాం. వేగం పెరిగిందని నేనంటే సూపర్‌వైజరు నవ్వాడు. ఇంజిన్ ఎప్పుడూ ఒకటే, నీ చేతులే మొద్దుబారాయి అన్నాడు. నెల తిరక్కుండా నన్ను తీసేశాడు."

నేను అక్కడే కాగితం తీశాను. నిమిషానికి డెబ్బై అయిదు, పది గంటలు: రోజుకు నలభై అయిదు వేల చుట్లు. ఎనభై నాలుగు, తొమ్మిది గంటలు: నలభై అయిదు వేల మూడు వందల అరవై. మళ్ళీ వేశాను, అదే వచ్చింది. చట్టం ఇచ్చిన గంటను యజమాని ఒక్క పుల్లీతో వెనక్కి లాక్కున్నాడు. పైన మూడు వందల అరవై చుట్లు కూడా.

ఆమె కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుంది. "అయితే నా చేతులు కాదన్నమాట."

"కాదండీ. పుల్లీ."

"ఇన్నేళ్ళూ నేను సగం నమ్మాను, తెలుసా," అంది.

గురు, శుక్రవారాలు క్లాసులు ఎగ్గొట్టి, మా వర్క్‌షాపు లేత్ మీద పది అంగుళాల పుల్లీ చేసి బిగించాను. శనివారం ఇంజిన్ కదిలింది. డెబ్బై అయిదు. మళ్ళీ లెక్కపెట్టాను, డెబ్బై అయిదు. ఊరి ఇంజినీరు తన కాఫీ కప్పు ఇంజిన్ దిమ్మె మీద పెట్టి పది నిమిషాలు చూశాడు. కాఫీ కదిలింది గానీ తొణకలేదు. కాగితం మోకాలి మీద పెట్టుకుని రాసి, సంతకం చేసి మెషినిస్టు చేతికిచ్చాడు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ నాకిచ్చాడు.

ముసలావిడ కళ్ళజోడు తెచ్చుకోలేదు. "ఏం రాశాడు బాబూ?" అంది.

ఇంజిన్ శబ్దం మీదుగా బిగ్గరగా చదివాను. గది పడగొట్టనక్కర్లేదు. ఇంజిన్ నడుపుకోవచ్చు, ఒక షరతు మీద: ఎట్టి పరిస్థితుల్లోనూ నిమిషానికి డెబ్బై అయిదు చుట్లు దాటకూడదు.

"ఆ చివరి ముక్క మళ్ళీ చదువు," అంది.