వైర్‌లెస్ కాశమ్మ

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో కాశమ్మ గొంతు ఎరగనివాళ్ళు లేరు. పొద్దున్నే జట్టీ మీద చేపల వేలం మొదలయ్యేది. వంజరం రాశి పక్కన నిలబడి ఆమె పాట ఎత్తుకుందంటే ఐసు లారీల డ్రైవర్లు కూడా తల తిప్పి చూసేవారు. ఆ గొంతు వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చిందనీ, వాళ్ళమ్మ ఒడ్డున నిలబడి కేకేస్తే తెప్ప మీదున్న మొగుడు తెడ్డు ఆపి పలికేవాడనీ పేటలో చెప్పుకుంటారు.

పడవల సంఘం గదిలో ఒక వైర్‌లెస్ సెట్టు ఉంది. వేటకెళ్ళిన పడవలతో మాట్లాడటానికి అదే ఆధారం. సెల్‌ఫోను తీరం దాటి కాస్త దూరం పోగానే చచ్చిపోతుంది. ఎవరి పడవ ఎక్కడుంది, గాలి ఎటు తిరిగింది, ఇంజను చెడితే ఎవరు వెళ్ళాలి, ఇలాంటి కబుర్లన్నీ ఆ సెట్టు మీదే నడవాలి. దాన్ని చూసుకునే మనిషికి గాజువాకలో ఇంకో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. సెట్టు మూగబోయింది. సంఘం మీటింగులో పడవ డ్రైవర్లలో పెద్దవాడు సూరన్న లేచి, “ఏటి ఆలోసిత్తన్నారర్రా? హార్బరంతా ఇనపడే గొంతు ఒకటే ఉంది. కాశమ్మని కూకోబెట్టండి” అన్నాడు. అందరూ నవ్వారు గాని కాదనలేదు. కాశమ్మకి అప్పటికే వేలంలో నిలబడి నిలబడి మోకాళ్ళు పట్టేస్తున్నాయి. కుర్చీ ఉన్న పని అనగానే ఒప్పేసుకుంది.

మొదటిరోజు నేర్పడానికి గోపాలపట్నం నుంచి వీరేంద్ర వచ్చాడు. పడవల సెట్లన్నీ బాగుచేసేది అతనే. మైకు చేతికిచ్చి, మీట చూపించి, సూరన్న పడవని పిలవమన్నాడు. కాశమ్మ కొంగు బిగించి, గుండె నిండా గాలి పీల్చి, “ఓ సూరన్నో!” అని ఒక్క కేక పెట్టింది. కిటికీ మీద కాకి ఎగిరిపోయింది. సెట్టులోంచి సూరన్న గొంతు గరగరలాడుతూ వచ్చింది.

“సెల్లీ, ఏటో పగిలిపోతంది. ఒక్క ముక్కా తెలీట్నేదు.”

ఆమె ఇంకా గట్టిగా అరిచింది. ఈసారి సూరన్న జవాబే ఇవ్వలేదు.

వీరేంద్ర నవ్వు ఆపుకుంటూ, అక్కని పిలిచినట్టు, “అప్పా, నీ గొంతు సముద్రం దాకా పోనక్కర్లేదు. ఈ మైకు దాకా పోతే సాలు. అక్కడ్నుంచి నీ మాటని రేడియో తరంగం మోసుకెల్తాది. దాని నెత్తిమీద మోయలేనంత బరువెడితే మాట ముక్కలైపోద్ది. పక్కనున్న మనిషికి సెప్పినట్టు సెప్పు” అన్నాడు. “ఇంకోటి. మీట నొక్కినంతసేపూ నీ మాటే పోద్ది. వదిల్తేనే అవతలోడి మాట నీకు ఇనపడేది.”

“అంటే ఒకలు మాటాడతంటే ఇంకొకలు నోరు మూసుకోవాలా?”

“అంతే.”

“మా పేటలో అలాగెవులూ మాటాడరు బాబూ” అంది కాశమ్మ.

నిజంగానే ఆమెకి అన్నిటికంటే కష్టమైంది అదే. ముప్పై ఏళ్ళు ఎదుటివాడి మాట మీద తన మాట వేసి గెలిచిన మనిషి, మీట వదిలి, ఊరుకుని, వినడం నేర్చుకోవాలి. ఇంట్లో పప్పు గరిటె పట్టుకుని, దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, మెల్లగా మాట్లాడి, దించి, జవాబు కోసం ఆగేది. చూసినవాళ్ళు ఈమెకి ఏదో అయిందనుకున్నారు. వర్షాలు పడే వేళకి ఆమె గొంతులో కొత్త నిదానం వచ్చింది. పడవల్లో వాళ్ళు దానికి అలవాటు పడిపోయారు. పని లేకపోయినా సాయంత్రం ఒకసారి పిలిచి, “అప్పా, ఉన్నావా?” అని అడిగి, “ఉన్నాను” అంటే చాలని వలలు చూసుకునేవారు.

సెట్టుకి అందే దూరం తక్కువని ఆమె మొదట్నుంచీ సణుగుతూనే ఉంది. ఏంటెనా గది కప్పు మీద, చుట్టూ ఉన్న గోడౌన్ల మధ్య, బావిలో కప్పలా ఉండేది. ఒకరోజు వీరేంద్ర చెప్పాడు, ఈ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయని, భూమి గుండ్రంగా వంగిపోతుంది గనక దూరాన ఉన్న పడవ వాటికి మరుగున పడిపోతుందని.

కాశమ్మ కిటికీలోంచి కొండ వైపు చూసి, “యారాడ కొండ మీద లైటుహౌసు అంత దూరం కనపడేది ఎత్తులో ఉండబట్టే కదేటి? ఇదీ అంతేనా?” అంది.

“అచ్చం అంతే అప్పా. ఏంటెనా ఎంత పైనుంటే అంత దూరం సూత్తాది.”

మర్నాడే ఆమె ఐసు ఫ్యాక్టరీ వాళ్ళ దగ్గరికెళ్ళి కూర్చుంది. వాళ్ళ నీళ్ళ ట్యాంకు హార్బర్‌లో అన్నిటికంటే ఎత్తు. ఒప్పుకునేదాకా లేవలేదు. ట్యాంకు మీద ఇనప గొట్టం నిలబెట్టి, దాని కొసన ఏంటెనా బిగించి, కేబులు గదిలోకి లాగారు. ఆ సాయంత్రం ఎన్నడూ అందని పడవొకటి పలికింది. కాశమ్మ మైకు పట్టుకుని చంటిపిల్ల మొదటిసారి మాట్లాడితే మురిసినట్టు మురిసిపోయింది.

ఆ ఏడే ఆమె అక్క కొడుకు గురువులుకి బిడ్డ పుట్టింది. గురువులు పడవ డ్రైవరు. భార్య సూర్యకళకి ఇంకా రెండు వారాలు గడువుందన్న ధైర్యంతో వేటకెళ్ళాడు. బిడ్డ మాత్రం ఆ గడువు చూడలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి కాశమ్మ ఆసుపత్రి నుంచి పరుగు పరుగున గదికి వచ్చింది. గురువులు పడవ కొత్త ఏంటెనాకి కూడా అందనంత లోపల ఉంది. మధ్యలో సూరన్న పడవ, దాని ముందు ఇంకో పడవ ఉన్నాయి. ఒకరి నుంచి ఒకరికి అందిస్తే కబురు చేరుతుంది.

“సూరన్నా, గురువులుకి సెప్పాల. సూర్యకళకి ఆడగుంట పుట్టింది. తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారు.”

ఇంజను హోరులో సూరన్న ఎంత విన్నాడో, అవతలి పడవ వాళ్ళు ఎంత విన్నారో, గంట గడిచాక గురువులు జవాబు అదే దారిన తిరిగొచ్చింది. సూరన్న సంబరంగా చదివినట్టు చెప్పాడు. “రెండు ఉయ్యాలలు కట్టమన్నాడు. ఇద్దరికీ ఒకే రంగు గౌన్లు కొనమన్నాడు. ఎవరు ముందు పుట్టారో కాళ్ళకి దారం కట్టి గురుతెట్టుకోమన్నాడు.”

కాశమ్మ మైకు వంక చూసింది. తను వచ్చేశాక ఇంకో బిడ్డ పుట్టిందేమోనని అనుమానం వచ్చి సూర్యకళకి ఫోను చేసింది.

“ఒలే, నువ్వెంతమందిని కన్నావే?”

“అదేటత్తా? నువ్వే కదా సూసి ఎల్లేవు” అని, సంగతి విన్నాక సూర్యకళ కుట్లు లాగుతున్నా ఆపుకోలేక నవ్వింది. పక్క మంచాల వాళ్ళకీ చెప్పింది. వార్డు వార్డంతా నవ్వింది.

ఇప్పుడు దిద్దుబాటు పంపాలి. ఈసారి కాశమ్మ తొందరపడలేదు. “సూరన్నా, నాను సెప్పింది నాకు తిరిగి సెప్పు. నాను ఔనన్నాకే ముందుకి పంపు. ఆ పడవోలు కూడా నీకు తిరిగి సెప్పాల.”

“ఈ వయసులో నాసేత ఎక్కాలు సదివిస్తన్నావేటి సెల్లీ?”

“సదువు. ఒక్కతే ఆడగుంట.”

“ఒక్కతే ఆడగుంట” అన్నాడు సూరన్న.

కబురు ఒక్కో పడవ దగ్గరా ఆగి, అప్పజెప్పించుకుని, ముందుకు కదిలింది. అప్పటికే గురువులు పడవలో పెద్ద రొయ్యలన్నీ ఉడకబెట్టుకుని పండగ చేసుకున్నారు. సాయంత్రానికి అతని మాట తిరిగొచ్చింది: “ఒకర్తయితే ఏటైంది? ఇద్దరి ముద్దూ దానికే.”

ఆనాటి నుంచి అప్పజెప్పించుకోకుండా కాశమ్మ ఏ కబురూ పంపలేదు. ఇదంతా విన్న వీరేంద్ర, ఫోన్లూ కంప్యూటర్లూ చేసేది కూడా ఇదేనన్నాడు. “నువ్వో ఫొటో పంపితే ముక్కలు ముక్కలుగా పోద్ది అప్పా. అవతలి మిషను సరిసూసుకుని అందిందని సెప్తాది. ఏ ముక్క సెడిపోయినా మళ్ళీ పంపమంటాది.”

“అయితే మిషన్లకీ కవలల గొడవ తప్పలేదన్నమాట” అంది ఆమె.

తర్వాతి ఏడు సంఘం గదికి ఫైబర్ లైను వచ్చింది. వీరేంద్ర దాన్ని గోడకి బిగించే ముందు, వెంట్రుకంత సన్నటి గాజు పోగుని కాశమ్మ అరచేతి మీదికి వంచి, అవతలి కొసనున్న మనిషిచేత చిన్న లైటు వెలిగింపజేశాడు. వీధి చివరి స్తంభం దగ్గర బయల్దేరిన వెలుగు ఆమె చేతిలో ఎర్రటి చుక్కై వాలింది. చెయ్యి ఇటు తిప్పి, అటు తిప్పి చూసుకుంది. అందులోంచే వాతావరణ కబుర్లన్నీ వస్తాయని, మాటైనా బొమ్మైనా ఆ వెలుగు ఆరుతూ వెలుగుతూ చెప్పేదేనని అతను అంటే, బయట జట్టీ మీదున్న ఆడవాళ్ళందరినీ పిలిచి వాళ్ళ అరచేతుల్లో కూడా వేయించింది.

ఆ వైరు విలువ కార్తీకంలో తెలిసింది. ఒక ఉదయం గదిలోని కంప్యూటరు తెర మీద తుఫాను హెచ్చరిక వచ్చింది. ఉత్తరాన కళింగపట్నం వైపు తిరుగుతోంది. దగ్గరున్న పడవలు హార్బర్‌కి రావాలి. దక్షిణాన దూరంగా ఉన్నవి కాకినాడలో చేరాలి. నేల మీద వైరులో వచ్చిన మాటని గాలిలో సముద్రం మీదికి పంపడం ఇప్పుడు కాశమ్మ పని. ఒక్కొక్క పడవనీ పేరు పెట్టి పిలిచింది. సూరన్న అప్పజెప్పాడు. గురువులు అప్పజెప్పాడు. బాగా దూరాన ఉన్న ఒక పడవ నుంచి గరగరల మధ్య జవాబు వచ్చింది.

“సరే అప్పా, కళింగపట్నం ఎల్తన్నాం.”

కాశమ్మ వెంటనే మీట నొక్కింది. గొంతు మాత్రం పెంచలేదు. కబురులో రెండు ఊళ్ళ పేర్లూ ఉండటంతో హోరులో ఒకదాని బదులు ఇంకొకటి పట్టుకున్నారని అర్థమైంది. “కాదు నాయనా. దచ్చినం. పొద్దు నీకు ఎడం పక్కనుండాల. దచ్చినం, కాకినాడ. ఏటి సెప్పాను?”

“దచ్చినం. కాకినాడ. పొద్దు ఎడం పక్క.”

“ఔను. బేగి ఎల్లండి.”

అన్నం తినకుండా పడవలన్నీ పలికేదాకా అక్కడే ఉంది. మర్నాడు ఆ పడవ వాళ్ళు కాకినాడ రేవు నుంచి ఫోను చేశారు. అందరూ క్షేమం. మాట్లాడినవాడి నోటి నిండా కాజా ఉంది, సగం మాటలు తెలియలేదు. ఇంటికొచ్చేటప్పుడు హార్బర్‌కంతటికీ బుట్టలు బుట్టలు తెచ్చి పంచారు. కాశమ్మ ఇంట్లో వారం రోజులు చీమలే చీమలు.

వేసవిలో వేట ఆగి, మళ్ళీ పడవలు దిగే ముందు, సూరన్న తన పడవకి కొత్త ఇంజను వేయించాడు. దాన్ని పరీక్షించడానికి ఒక పూట సముద్రంలోకి వెళ్తూ గది గుమ్మంలో నిలబడ్డాడు. “సెల్లీ, ఇన్నాళ్ళూ మా అందర్నీ నడిపించావు. ఒక్కపాలి నువ్వూ వచ్చి సూడు.”

ఆమె పుట్టింది ఒడ్డునే, పెరిగింది ఒడ్డునే. వేట పడవ మాత్రం ఎక్కలేదు. ఆడవాళ్ళని ఎక్కించుకోవడం పేటలో ఆనవాయితీ కాదు. సూరన్నే పిలిచాక ఎవరు కాదంటారు? కొంతకాలంగా సెట్టు పని నేర్చుకుంటున్న సూర్యకళ చేతికి మైకు ఇచ్చి, గురువులు చెయ్యి పట్టుకుని పడవెక్కింది.

పోర్టు క్రేన్లు వెనక్కి జరిగాయి. గాజువాక అవతల స్టీలు ప్లాంటు పొగ గొట్టాలు అగ్గిపుల్లలైపోయాయి. చేతిలో ఫోను మీద సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలి, చివరికి ఏమీ మిగల్లేదు. ఇంజను మోత, గాలి, నీళ్ళు చెక్కని కొట్టే చప్పుడు. ఆ గోలలో సెట్టు గరగరలాడి, చిన్నగా, దూరంగా ఒక గొంతు పలికింది.

“అత్తా, ఇనపడతందా?”

కాశమ్మ ఉలిక్కిపడింది. తన గొంతు ఇన్నేళ్ళూ వీళ్ళకి ఇంత పల్చగా, ఇంత హోరులోంచి వచ్చేదా అనిపించింది.

“ఈ మోతలో నన్నెలాగ ఇన్నార్రా?” అంది గురువులుతో.

“అన్ని మాటలూ ఇనపడవు పిన్నీ. నీ గొంతయితే ముందు దైర్నం వచ్చీసేది. మాటలు తరవాత నెమ్మదిగా మళ్ళీ అడిగీవోళ్ళం.”

ఆమె కొంగుతో మొహం మీది ఉప్పు నీటి తుంపర తుడుచుకుంది. ఎండలో సముద్రం తళతళలాడుతోంది. దూరాన సింహాచలం కొండ పచ్చగా, అరచేతిలో పట్టేంత కనిపిస్తోంది. వెనక ఎవరో స్టవ్ వెలిగించి, పులుసులోకి చింతపండు పిసుకుతున్నారు.

కాశమ్మ మైకు అందుకుంది. “ఇనపడతంది సూర్యకళా. బాగా ఇనపడతంది. నాకోసం వంటొండకు. ఈళ్ళు సేపల పులుసెడతన్నారు. మగోళ్ళ సేతి వంట ఎలాగుంటాదో తినీసి వత్తాను.”