గ్యాలరీ నుంచి ఒక అభ్యంతరం

ప్రభుత్వ కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా పదవీ విరమణ చేసిన మరుసటి ఏడు, వలిసె పూలు పూసే కాలంలో, ఒక సినిమా బృందం నన్ను అరకులోయకు పిలిపించింది. హోదా పేరు సాంకేతిక సలహాదారు. నిజానికి వాళ్ళకు కావలసింది స్టార్టర్. పరుగు పందెంలో ఆజ్ఞలిచ్చి తుపాకీ పేల్చే అధికారిని స్టార్టర్ అంటారు. రాష్ట్రస్థాయి పోటీల్లో చాలా ఏళ్ళు ఆ పని చేశాను. ఆ తుపాకీలో మందే గాని గుండు ఉండదు. అయినా అది చేతిలో ఉన్న ఆడమనిషి మాటను మగవాళ్ళు కూడా నోరెత్తకుండా వింటారని అనుభవం మీద తెలుసుకున్నాను.

కథ ఇద్దరు అమ్మాయిలది. ఎనిమిది వందల మీటర్ల పరుగులో ప్రత్యర్థులు. ఒకరినొకరు ఓడించుకుంటూనే ప్రేమలో పడతారు. దర్శకురాలు స్వప్నకు అది మొదటి సినిమా. ఇది స్నేహం కాదు, ప్రేమేనని మొదటి రోజే నాతో స్పష్టంగా చెప్పి, "మీకేమైనా ఇబ్బందా మేడం?" అని అడిగింది. ఉద్యోగకాలమంతా క్రీడాకారిణుల హాస్టళ్ళు చూసినదాన్ని, ఇలాంటి జంటలు నాకు కొత్త కాదు. వాళ్ళను "రూమ్‌మేట్లు" అని పిలిచి లోకం తప్పించుకునేది.

ఇబ్బంది కథలో లేదమ్మా, మీ స్టార్టింగు లైన్లో ఉంది అన్నాను. అమ్మాయిలను వంచి, పొట్టి పరుగుల్లో కాళ్ళు తన్నిపెట్టే బ్లాకుల్లో కాళ్ళు పెట్టించారు. ఎనిమిది వందల మీటర్ల పరుగు నిలబడే మొదలవుతుంది. "ఆన్ యువర్ మార్క్స్" అన్నాక "సెట్" ఉండదు, నేరుగా తుపాకీయే. "సెట్" అంటే సస్పెన్సు పండుతుందని సహాయ దర్శకుడు బతిమాలాడు. నేను ఒప్పుకోలేదు.

పరుగెత్తే ఇద్దరిలో మేఘన హైదరాబాదు నటి. నెలల తరబడి శిక్షణ తీసుకుని వచ్చింది. లలిత అక్కడి కొండ ఊరి అమ్మాయే. జిల్లా పోటీల్లో పరుగెత్తింది, నటనకు మాత్రం కొత్త. వీళ్ళందరి మంచిచెడ్డలు చూసే ప్రొడక్షన్ మేనేజరు మూర్తిగారు. ఆయనకు ఈ కథ అంటే భయం. వరసగా కొన్ని ఉదయాలు లైను కూడా కనపడనంత పొగమంచు కమ్మితే, కథలో దోషం వల్లే ప్రకృతి సహకరించడం లేదని తేల్చి దిష్టి తియ్యడానికి గుమ్మడికాయ తెప్పించారు. మంచు స్క్రిప్టు చదవదని, ఈ కాలంలో ఇక్కడ భక్తి సినిమా తీసినా ఇంతే మంచు పడుతుందని చెప్పి, ఆ కాయను పులుసు పెట్టమని వంటవాళ్ళకు ఇప్పించాను. మధ్యాహ్నానికి ఎండ కాసింది. ఈ ఘనత పులుసుదేనా అని అడిగితే ఆయన నవ్వలేదు, రెండోసారి మాత్రం వడ్డించుకున్నారు.

అసలు పేచీ చివరి సన్నివేశం దగ్గర వచ్చింది. ఆఖరి మలుపులో లలిత ముందుంటుంది. ప్రేమ కోసం వేగం తగ్గించి మేఘనను గెలిపిస్తుంది. అలా రాసుకుంది స్వప్న. నేనే రిఫరీనైతే ఆ అమ్మాయిని పోటీ నుంచి తొలగిస్తాను అన్నాను. మా నియమావళిలో మనస్ఫూర్తిగా పరుగెత్తకపోవడం నేరం.

"అది త్యాగం కదా మేడం!" అంది స్వప్న, నొచ్చుకుంటూ.

ఆడవాళ్ళ ప్రేమ మీద తరతరాలుగా వేసిన పన్నుకే త్యాగమని పేరు పెట్టారు. మొగుళ్ళ కోసం ఓడిపోయిన ఆడవాళ్ళు చాలరా? ఇప్పుడు ఒక ఆడది ఇంకో ఆడదాని కోసం కూడా ఓడిపోవాలా? ఈ మాటలే అన్నాను, కాస్త గట్టిగానే.

మూర్తిగారు సందు చూసి దూరారు. "అయితే ప్రేమ తీసేద్దామండీ. స్నేహం పెడితే త్యాగం చక్కగా నప్పుద్ది." నిర్మాతతో అప్పటికే ఫోనులో మాట్లాడేశారు కూడా. స్థానికుల్లో ఒక్కరు అభ్యంతరం చెప్పినా ప్రేమను స్నేహంగా మార్చాలని నిర్మాత ఆదేశం. గ్రౌండులో మర్నాడే ఆఖరి రోజు. ఆ ప్రేమను చెప్పడానికే సినిమా మొదలుపెట్టిన స్వప్న ఆ పూట భోజనం ముట్టలేదు.

నేను మూర్తిగారికి మా పద్ధతి వివరించాను. ఫలితం మీద అభ్యంతరం చెప్పే హక్కు పరుగెత్తినవాళ్ళకో, వాళ్ళ జట్టుకో ఉంటుంది. గ్యాలరీలో కూర్చున్నవాళ్ళది చెల్లదు. వీళ్ళిద్దరి ప్రేమ వల్ల నష్టపోయినవాడు ఎవడో చూపించమన్నాను.

"మీ ఆటలకి చెల్లదేమో గానీ మేడంగారూ, సినిమాకి గ్యాలరీయే దేవుడండీ" అన్నారాయన. అది నేను నమ్మని దేవుడు.

మర్నాడు ప్రేక్షకులుగా కూర్చోవడానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చారు. స్క్రిప్టులో ఉన్నట్టే ఒకసారి రిహార్సల్ పరుగు తీయించారు. లలిత మలుపులో తగ్గింది, మేఘన గెలిచింది. వెంటనే మూర్తిగారు మైకు అందుకున్నారు. ఈ అమ్మాయిలిద్దరూ మొగుడూ పెళ్ళాల్లాగ ప్రేమించుకుంటారని, ఎవరికైనా అభ్యంతరముంటే మొహమాటపడకుండా చెప్పమని అడిగారు. గుసగుసలు లేచాయి. ఒక ముసలాయన మొహం తిప్పుకున్నాడు. ఒక తల్లి కూతుళ్ళను లేపుకుని వెళ్ళిపోయింది. అప్పుడు మూడో వరసలోంచి చిలకమ్మ అనే నడివయసు మనిషి లేచింది. స్వప్న నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నాకుంది బాబూ."

మూర్తిగారి ముఖం వెలిగింది. "చెప్పమ్మా, భయపడకు."

"బయమేటి? ముందెల్తన్న గుంట మద్దిలో ఎందుకాగిపోనాది? కాలు బెణికిందేటి?"

"లేదమ్మా. ప్రేమ కొద్దీ రెండో అమ్మాయిని గెలిపించింది."

"పేముంటే ఉండనీ, అది ఆలిద్దరి సంగతి. పరుగుకాడ ఈ దొంగాటేటి? ఎనకొచ్చినదానికి సప్పట్లు కొట్టమంటే నా సేతులు రావు."

"మా గుంటనే ఓడించీసినారేటి? బేగి పరిగెట్టమను దాన్ని!" అని పక్కనామె అందుకుంది. వరసలన్నీ గొల్లున నవ్వాయి.

"అది కాదమ్మా, ఇద్దరూ ఆడపిల్లలు కదా..." అన్నారు మూర్తిగారు, ఆశ వదలకుండా.

"ఆడగుంటలని మాకూ అగుపిస్తన్నాది బాబూ. పట్టపగలే కదా!"

కొండల్లో అందరి ఆలోచనా ఇంతేనని నేను రాయను. వెళ్ళిపోయిన తల్లి తిరిగి రాలేదు. ఆమె వెళ్ళిపోవడాన్నే అభ్యంతరమని చెప్పి ఉండొచ్చు, కానీ మూర్తిగారు నిజాయితీ గల మనిషి. నిర్మాతకు ఫోను చేసి, "అభ్యంతరం వచ్చిందండీ... కాదండీ, ప్రేమ మీద కాదు, పరుగు మీద" అని ఉన్నదున్నట్టు చెప్పారు. అవతలివైపు నుంచి ఏం వచ్చిందో గాని, ఫోను జేబులో పెట్టుకుని స్వప్నతో "కానివ్వండమ్మా" అన్నారు.

స్వప్న అమ్మాయిలిద్దరినీ పిలిచి, నిజంగా పరుగెత్తమని, ఎవరు గెలిస్తే కథలో వాళ్ళే గెలుస్తారని చెప్పింది. నేను తుపాకీ పేల్చాను. గడియారాలు పట్టుకున్నవాళ్ళకు ముందే చెప్పి ఉంచాను: చప్పుడుకు కాదు, పొగ కనపడగానే నొక్కాలి, చప్పుడు ఆలస్యంగా చేరుతుంది. ఆఖరి మలుపులో మేఘన లలిత భుజం దాకా వచ్చింది. గ్యాలరీ అంతా లేచి నిలబడింది. గీత దగ్గర లెక్కకొచ్చేది తల కాదు, చెయ్యి కాదు, మొండెం. లలిత మొండెం ముందు దాటింది. సందేహం లేదు.

ఓడినవాళ్ళు ప్రేమను చెప్పే పెద్ద డైలాగు ఒకటి స్వప్న పరుగుకు ముందే రాసి ఇద్దరికీ ఇచ్చింది. ఓడిన మేఘనకు అది చెప్పడానికి ఊపిరి అందలేదు. "వచ్చే ఏడు... నిన్ను... చూస్కో" అని లలిత మీద వాలిపోయింది. "ముందు ఊపిరి తియ్యవే గుంటా" అని లలిత ఆమె మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ముద్దు పెట్టుకుంది. చిలకమ్మ చప్పట్లు అందరికంటే ముందు వినిపించాయి. స్వప్న "కట్" చెప్పడం మరిచిపోయింది. సినిమాలో ఆ సన్నివేశం అలాగే ఉంది.

మీ నియమం ప్రకారం చిలకమ్మ అభ్యంతరమూ చెల్లదు కదా అని సాయంత్రం మూర్తిగారు ఎత్తిచూపారు. న్యాయమే, ఆమెదీ గ్యాలరీయే. అయితే కళ్ళెదుట జరిగిన తప్పు మీద, ఎవరూ అడగకపోయినా, రిఫరీ చర్య తీసుకోవచ్చు. చిలకమ్మ చూపించింది అలాంటి తప్పు. అప్పటి నుంచి ఎవరు అభ్యంతరం చెప్పినా ఎక్కడ కూర్చుని చెప్పారని అడగను. అది పరుగు మీదా, పరుగెత్తేవాళ్ళ మీదా అని చూస్తాను. పరుగు మీదయితే విచారణ జరపాలి. పరుగెత్తేవాళ్ళ మీదయితే పందెం ఆపనక్కర్లేదు.