ఆరు దాటని లెక్క

"ప్లగ్గు పీకుతవా లేదా? పొద్దటిసంది కరెంటు కాలుతనే ఉన్నది!"

"జర ఆగే నాయనమ్మా! ఇది ఆఫయితే మల్ల మొదటికొస్తది."

"ఏంది వచ్చేది? నాలుగు నెలలసంది అదే పలక, అవే అంకెలు. వేలు పెడితే బాణం మిడుత లెక్క ఎగురుతున్నది."

"రేపు పొద్దున సార్‌కు చూపియ్యాలె. నడవకుంటే లాప్‌టాప్ వాపస్ తీసుకుంటడు, ప్రాజెక్టు వేరేటోళ్లకు పోతది. నీకేం, నీ దేవుడు కరెంటు మీటర్ల ఉన్నడు!"

ఆ మాటతో లేచి ప్లగ్గు పీకేశాను.

దయ్యాలంటే నవ్వేదాన్ని నేను. దయ్యముందని ఎవరూ చేరని ఇంట్లో పదేళ్లు కాపురం చేశాను, బల్లులు తప్ప ఏమీ కనబడలేదు. చదివింది మూడో తరగతి. చూసింది చూసినట్టు రాస్తున్నాను, ఒక్క ముక్క కలపను.

అప్పుడు మేం తార్నాకలో అద్దెకుండేవాళ్లం. నా మనవరాలు స్వప్న దగ్గరలోని యూనివర్సిటీలో కంప్యూటర్ చదువు చదివేది. వాళ్ల సార్ ఒక లాప్‌టాప్ ఇచ్చాడు. దాని మీద చిన్న పలక ఉంటుంది. వేలితో రుద్దితే తెర మీద బాణం కదలాలి. ఆ పలక ఏ భాషలో మాట్లాడుతుందో చేసిన కంపెనీ చెప్పదు. కంపెనీ ప్రోగ్రాము లేకుండా, ఉచితంగా దొరికే సిస్టంలో దాన్ని నడిపించాలి. అందుకని ఈ పిల్ల పలక పంపే అంకెలన్నీ నోటుబుక్కులో రాసుకుని, మూడేసి చొప్పున విడదీసి అర్థం వెతికేది. మామూలు మౌసు మూడేసి పంపుతుందట. ఒక్కో అంకె వచ్చినప్పుడల్లా తెర మీద ఒక చుక్క పడేలా కూడా ఏదో రాసిపెట్టుకుంది.

బ్యాటరీ పాడైందని తీసి లాబ్‌లోనే ఉంచి వచ్చింది. ప్లగ్గు తీస్తే తెర ఆరిపోవాలి.

ఆరలేదు.

ఆదివారం సాయంత్రం, దీపం పెట్టే వేళ. ప్లగ్గు నా చేతిలో ఉంది. స్వప్న చేతులు రెండూ నడుం మీద ఉన్నాయి, నాతో పోట్లాడుతోంది కదా. తెర మీద చుక్కలు పడుతున్నాయి. ఆరు చుక్కలు, కాస్త ఆగడం. మళ్లీ ఆరు, మళ్లీ ఆగడం.

నా నోట దానంతటదే వచ్చింది: "లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు."

అది మా అత్త లెక్క. మా వైపు వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అంటే ఏడవమన్నట్టని ఆరున్నొకటి అంటారు. మా అత్తకు అది కూడా భయమే. వడ్లు కొలిచినా, వాకిట్లో ముగ్గు చుక్కలు పెట్టినా ఆరు దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ లాభం నుంచి మొదలుపెట్టేది. ఆమె పోయి అప్పటికి ఇరవై ఏళ్లు.

"ఇది మీ తాతమ్మ లెక్కనే," అన్నాను. "సచ్చినా ఏడు అనది."

స్వప్న గిరుక్కున తిరిగింది. "ఏమన్నవ్? ఆరుకు ఆగి మల్ల మొదలా?" నోటుబుక్కు లాక్కుంది. "అయ్యో, మూడు కాదే, ఆరు! ఒక్క మాటను రెండు ముక్కలు చేసి చదువుతున్న నేను!"

అప్పుడు ఆరింది తెర. నేనే ప్లగ్గు పెట్టాను. పీకడమే గానీ పెట్టడం నాకు అదే మొదలు. అన్నం వండేలోపు బాణం స్వప్న వేలి వెంట మెత్తగా నడిచింది. ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం. వరండాలో లైటు వెలుగుతున్నా ఆర్పలేదు.

తర్వాత చాలామందిని అడిగాను. ప్లగ్గు పీకినా లోపల కొంచెం కరెంటు మిగులుతుందన్నారు. మిగిలితే మిగిలింది, ఆరు దగ్గర ఆగడం దానికెవరు నేర్పారు? నాకిప్పటికీ తెలియదు.

తెల్లారి స్వప్నతో నేనూ యూనివర్సిటీకి వెళ్లాను. సార్ పలక మీద వేలు అటూ ఇటూ తిప్పి చూశాడు. ప్రోగ్రాము చదివి, "ఆరింట్ల మొదటిదానికి లాభం అని పేరేందమ్మా?" అన్నాడు. స్వప్న నన్ను చూపించింది. లాప్‌టాప్ ఆమె దగ్గరే ఉంచమన్నాడు. నన్నూ వేలు పెట్టమన్నాడు. పెట్టాను. బాణం ఎగరలేదు, నా వేలి వెంట నడిచింది.