విమానంలో అమ్మ చెప్పిన వందనాలు

బేగంపేటలో దిగే విమానాలు మా ఇంటి మీదుగానే పోయేవి. అమీర్‌పేటలో అప్పుడు ఇళ్లు తక్కువ, జొన్నచేలు ఎక్కువ. చప్పుడు వినబడితే చాలు, పంజగుట్ట దాకా పిల్లలంతా బయటికి ఉరికి తలలెత్తి చూసేవాళ్లు. యుద్ధం అయిపోయి, టిక్కెట్టు కొన్నవాళ్లెవరైనా విమానం ఎక్కవచ్చు అనే రోజులు వచ్చాక కూడా మేము ఎక్కుతామని మావాళ్లలో ఎవరూ అనుకోలేదు. సరదా కోసం ఎక్కలేదు లెండి, జబ్బు ఎక్కించింది.

అమ్మకు గొంతులో పుండు లేచింది. ఆమె మిషన్ తరఫున పంజగుట్ట చుట్టుపక్కల గూడేలకు నడిచి వెళ్లి బైబిలు వాక్యం చెప్పే మనిషి. ఆడవాళ్లను కూర్చోబెట్టి పాటలు నేర్పేది. నాన్న పోయాక నన్ను చదివించి మిషన్ బడిలో టీచరును చేసింది ఆ గొంతుతోనే. మొదట గొంతు బొంగురుపోయింది, తర్వాత ముద్ద దిగడం కష్టమైంది. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ చూసి, ఇక్కడ దీనికి వైద్యం లేదనీ, మద్రాసులో రేడియం పెట్టించాలనీ చెప్పింది. ఒకసారి పెట్టి, మూడు నెలల తర్వాత మళ్లీ పెట్టాలట. రెండుసార్లూ పెడితేనే మనిషి దక్కుతుంది, మొదటిదానితో వదిలేస్తే పుండు మళ్లీ లేస్తుంది అని నాకూ అమ్మకూ విడమరిచి చెప్పింది. రైలు రద్దీలో, కుదుపుల్లో నెత్తురు పడితే ఆపే దిక్కుండదు కాబట్టి విమానంలోనే వెళ్లాలంది. టిక్కెట్లు మిషన్ వాళ్లే ఇప్పించారు.

ప్రయాణం నాటి పొద్దున అమ్మ తెల్లచీర తీసింది. బయటివాళ్లకు తెల్లచీర అంటే వేరే అర్థాలున్నాయి గానీ మా ఇళ్లలో పెళ్లికూతురు కట్టేదీ తెల్లచీరే, గుడిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే బల్ల దగ్గరికి కట్టేదీ తెల్లచీరే. నీలం పట్టుచీర కట్టుకోమని నేను పోరాను.

"దేవుని బల్ల కాడికి కట్టుకునేది గిదే. గింతకన్న మంచిది నా తాన ఏమున్నది బిడ్డా?" అంది.

నేనేమో జార్జెట్ చీర, ఎత్తు మడమల జోళ్లు. నాది నాన్న రంగు, అమ్మది నిండు నలుపు. మేమిద్దరం పక్కపక్కన నిలబడితే తల్లీకూతుళ్లమని కొత్తవాళ్లు వెంటనే పోల్చుకోలేరు. ఆ సంగతి అంతకుముందు నాకెప్పుడూ బాధ కలిగించలేదు.

టాంగాలో బేగంపేట వెళ్లాం. అక్కడ సామానుతో పాటు మనుషుల్ని కూడా తూకం వేశారు. బియ్యం బస్తాలాగా తూచారని అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అమ్మ అలా నవ్వి చాలా రోజులైంది. వైద్యం ఫలిస్తుందని నాకు గట్టిగా నమ్మకం కలిగింది ఆ నవ్వు చూసే.

విమానంలో ముందు వరుసల్లో తెల్లదొరలు, వాళ్ల వెనుక షేర్వానీ వేసుకున్న పెద్దమనుషులు, ఒక సేఠు, ఆ వెనుక మేము. అందరినీ కూర్చోబెడుతున్న అమ్మాయి సికింద్రాబాద్ వైపు పిల్లలా ఉంది, సగం దొరల పోలిక. మర్యాద ఎవరికి ఎంత తూచి పెట్టాలో ఆమెకు బాగా తెలుసు. దొరల దగ్గర నడుము వంచి, గొంతు తగ్గించి మాట్లాడింది. షేర్వానీల దగ్గర నవ్వింది గానీ వంగలేదు. సేఠు దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు కూడా లేదు, వేలితో సీటు చూపించింది అంతే. బడిలో ఏళ్ల తరబడి పిల్లల్ని కనిపెట్టుకుని ఉన్న కళ్లు నావి, ఇలాంటివి చూడొద్దన్నా చూస్తాయి.

ఆ పిల్ల మెడలో సన్నని గొలుసు, గొలుసుకు సిలువ. అమ్మకు అదొక్కటే కనిపించింది. "మన పిల్లనే" అని నా చెవిలో అంది. మావాళ్లకు ఒక అలవాటు ఉంది. ఏ ఊళ్లో గానీ, ఏ సంతలో గానీ, మనవాళ్లని తెలిస్తే చాలు, ముందుగా వందనాలు చెబుతారు. ఎదుటివాళ్లు కూడా వందనాలంటారు. అక్కడితో కొత్త పోతుంది. ఆ పిల్ల మా వరుసకు రాగానే అమ్మ సీట్లోంచి లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, ఉన్న కాస్త గొంతుతో "వందనాలమ్మా" అంది.

ఆ పిల్ల అమ్మను కిందినుంచి పైదాకా చూసింది. తెల్లచీర, నల్లని ఒళ్లు, చెప్పుల్లేని కాళ్లు, జోడించిన చేతులు. జవాబేమీ చెప్పకుండా, కూర్చోమని చెయ్యి ఆడించింది. నావైపు తిరిగి మాత్రం చక్కగా నవ్వి, గుడ్ మార్నింగ్ మేడమ్ అంది. తర్వాత చెవులు దిబ్బడ వెయ్యకుండా పిప్పరమెంట్లు పంచింది. నాకు పళ్లెం చాపితే నేను ఏరుకున్నాను. అమ్మకు తనే ఒకటి తీసి, చెయ్యి తగలకుండా పైనుంచి దోసిట్లో పడేసింది.

అమ్మకు అది కొత్త కాదు. వాక్యం చెప్పడానికి వెళ్లిన ఊళ్లలో పెద్ద ఇళ్లవాళ్లు దాహానికి నీళ్లు అలాగే పైనుంచి పోసేవాళ్లు. వాళ్ల మీద అమ్మకు ఎప్పుడూ కోపం రాలేదు. వాళ్లకు తెలియదు, తెలిసిననాడు మారతారు అనేది. కానీ ఈ పిల్ల మెడలో సిలువ ఉంది.

విమానం లేచింది. నేను కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాను. అమ్మ కిటికీకి మొహం ఆనించి కింద చెరువుల్ని, రాళ్లగుట్టల్ని చూస్తూనే ఉంది. కొంతసేపటికి ఆ పిల్ల కాఫీ తెచ్చింది. నాకు కప్పు అందించి, అమ్మను చూడకుండానే నన్ను ఇంగ్లీషులో అడిగింది.

"మీ ఆయా కూడా కాఫీ తాగుతుందా, మేడమ్?"

అమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ ఆయా అన్న మాట హైదరాబాదులో ఎవరికి తెలియదు? కిటికీ వైపు నుంచి తల తిప్పి నన్ను చూసింది.

నా ఒళ్లు మండిపోయింది. ఆమె మా అమ్మ, నీకు అన్నం పెడుతున్నది నా టిక్కెట్టు ఒక్కటే కాదు, ఆమె టిక్కెట్టు కూడా అని అందరికీ వినబడేలా ఇంగ్లీషులో దులిపేశాను. ముందు వరుసల తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆ పిల్ల మొహం కందిపోయింది. సారీ మేడమ్ అంది, రెండుసార్లు. ఆ రెండూ నాకే చెప్పింది, అమ్మ మొహం వైపు చూడనేలేదు. తర్వాత అమ్మకు కూడా కప్పు తెచ్చిపెట్టింది గానీ ఆ కాఫీ అలాగే చల్లారిపోయింది. కాసేపటికి ముందు వరుస దొర ఒకాయన వేళ్లతో చిటిక వేస్తే ఆ పిల్ల పరుగున వెళ్లింది. తిరిగివస్తున్నప్పుడు ఆమె మొహం చూసి ఒక్క క్షణం జాలి వేసింది. ఎక్కువసేపు నిలవలేదు ఆ జాలి.

తర్వాత బడిలో తోటి టీచరమ్మ నాకు నచ్చజెప్పబోయింది. దొరల ఇళ్లలో ఆయాలు కట్టేది తెల్లచీరే కదా, అది చూసి పొరబడి ఉంటుంది, ప్రయాణికులెవరూ లేచి దండం పెట్టరు కదా, ఆ పిల్ల మనసులో ఏమీ ఉండి ఉండదు అంది. కావచ్చు. కానీ తెల్లచీర కట్టుకుని ఒక దొరసాని ఎక్కి, లేచి నమస్కారం పెట్టి ఉంటే, ఈమె ఎవరి ఆయా అని అడిగేదా అన్నాను.

మద్రాసులో రేడియం పెట్టారు. ముద్ద దిగసాగింది, పుండు చాలావరకు తగ్గింది. తిరుగు ప్రయాణంలో అమ్మ నా పక్కన కూర్చోకుండా తనంతట తాను నడిచి వెళ్లి చివరి సీట్లో కూర్చుంది. ఎంత పిలిచినా రాలేదు. నిద్ర వస్తోందేమో అనుకుని ఊరుకున్నాను.

మూడు నెలలయ్యాక డాక్టరమ్మ మళ్లీ టిక్కెట్ల మాట ఎత్తితే అమ్మ పోనంది. రైల్లో అయితే పోతానంది, దానికి డాక్టరమ్మ ససేమిరా అంది. నేను బతిమాలాను, తిట్టాను, అన్నం మానేశాను. రంగుచీర కట్టుకో, జోళ్లు కొంటాను, ఎవరూ ఏమీ అనరు అన్నాను.

"చీర మార్చుకుంటగని తోలు మార్చుకుంటనా బిడ్డా" అంది చివరికి. "నన్నంటే నాకేం ఫికర్ లేదు, మస్తు పడ్డ. గాని నువ్వు గంతమందిల నిలబడి గీమె మా అమ్మ అని కొట్లాడి చెప్పుకున్నవ్. గది నేను చూడలేకపోయిన. ఇంకోసారి నీ నోట గా మాట రానియ్య."

అది నాకు చిన్నతనమా అని అరిచాను. లోకమంతా తిరిగి చెప్పుకుంటాను, నువ్వు బతికితే చాలు అన్నాను. అమ్మ నా తల నిమిరింది గానీ కదల్లేదు.

వానలు పోయేసరికి పుండు మళ్లీ లేచింది. మొదట ముద్ద ఆగింది, తర్వాత గంజి, ఆఖరికి నీళ్లు కూడా దిగలేదు. ఎందుకు వెళ్లలేదని డాక్టరమ్మ మంచం దగ్గర కూర్చుని అడిగింది. విమానమంటే భయమా అంది. అమ్మకు అప్పటికి మాట లేదు. నావైపు ఒకసారి చూసి, అవునని తల ఊపింది.

డాక్టరమ్మ ద్వారా ఆ మాట సంఘమంతా పాకింది. పాపం, గాలిలో ఎగరడానికి జడిసి ప్రాణం మీదికి తెచ్చుకుందని, అమ్మను మట్టిచేసిన రోజు సమాధుల దగ్గర కూడా అనుకున్నారు. ఇప్పటికీ మావాళ్లలో పెద్దవాళ్లు అలాగే చెప్పుకుంటారు. అమ్మ దేనికీ జడిసే మనిషి కాదని నా నాలుక చివరిదాకా వస్తుంది. కానీ అది చెప్పాలంటే, మా అమ్మను నా ఆయా అనుకున్నారని, ఆమె మా అమ్మేనని మళ్లీ నలుగురిలో నేను చెప్పుకోవాలి. ఆ మాట నా నోట రానివ్వకూడదనే కదా ఆమె వెళ్లకుండా కూర్చుంది.