కాలవ గట్టు మీద భోజలి

రమణమ్మ రాయపూర్‌కి గోంగూర విత్తనాలు పైట కొంగున ముడేసుకుని వచ్చింది. ఆంధ్ర సంఘాల సావనీర్లలో ఇలాంటి వాక్యం కనిపిస్తే దాని వెనకే "అడవిని అన్నపూర్ణగా మార్చిన తెలుగు రైతు" నడిచొస్తాడు. ఇక్కడ రాడు. ఎందుకంటే రమణమ్మ దిగిన మర్నాడు గుఢియారీ బజారుకి వెళ్తే అక్కడ గోంగూర గుట్టలు పోసి ఉంది. దాన్ని అమారీ భాజీ అంటున్నారు, తాతల నాటి నుంచీ తింటున్నారు, పైగా శ్రీకాకుళంలోకన్నా చవగ్గా అమ్ముతున్నారు.

"ఓలమ్మ, మన గోంగూర ఈల్లకెవులిచ్చినారు?" అంది మొగుడితో.

"ఆల్లూ మనల్ని అదే అడుగుతారు. ఊరుకో," అన్నాడాయన.

ఆయన పేరు పరదేశి. ఈ ముక్క రమణమ్మ నోట ఎవరూ వినలేదు. రేషన్ కార్డు గుమాస్తా మొగుడి పేరు అడిగితే చంకలో ఉన్న కూతురు భాగ్యశ్రీ వైపు చూసింది. పిల్లకి అప్పటికి మాటలు రాలేదు.

అది 2001. రాయపూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం అప్పుడే పుట్టింది, దానికీ తనకీ పని దొరుకుతుందని పరదేశి నమ్మాడు. రైల్వేలో ఉన్న బావమరిది ఉర్లాలో ఇనుప కడ్డీలు సాగదీసే మిల్లులో పెట్టించాడు. కొలిమి ముందు పని. కొన్నాళ్ళకి అన్నం వేడిదో చల్లదో వేళ్ళకి తెలియడం మానేసింది. ఇంకొన్నాళ్ళకి ఒక ఎర్రటి కడ్డీ తోవ తప్పి ఆయన కుడి ముంజేతి మీదుగా పోయింది. రమణమ్మ ఆస్పత్రి మెట్ల మీదే తేల్చేసింది.

"నాను బతికుండగా నువ్వా కొలిమి కాడికెల్లవు. మట్టి పిసుక్కుందాం. మట్టి కాలదు."

రాయపూర్ శివారు మోవా దాటాక ఒక ఊళ్ళో ఎకరం చెక్క కౌలుకి దొరికింది. ఆసామిని ఊరంతా దావూజీ, అంటే పెద్దయ్య, అంటుంది, ఆయన కూడా తనని తాను అలాగే అనుకుంటాడు. గోంగూర, బచ్చలి, బీర, సొర వేశారు. పక్క చెక్క కౌలు ఎవరిదా అని చూస్తే, గుఢియారీ బజార్లో గోంగూర గుట్ట వెనక కూర్చున్న ఆమెదే. పేరు సుకవారో. తరతరాలుగా కూరగాయలు పండించే ఇంటి మనిషి. ఆకు పట్టుకుని చూస్తే ఏ చెరువు కింద పెరిగిందో చెప్పగలనని అనేది. చెప్పిన రెండుసార్లూ తప్పే చెప్పింది.

రెండు చెక్కలకీ కలిపి బోరు ఒక్కటే, దాని నీళ్ళు పారే బోదె కాలవ ఒక్కటే. కరెంటు దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. వచ్చినప్పుడు బోదెకి మట్టి అడ్డు వేసి తన మడిలోకి తిప్పుకోవాలి. ఒకామె అడ్డు వేస్తుంది, రెండో ఆమె తెంచుతుంది. కరెంటు ఉన్నంతసేపూ ఇదే వ్యవసాయం. లేనంతసేపూ తిట్టుకోవడం. "రోగహీ," అని సుకవారో అనేది, అంటే రోగిష్ఠిదానా అని. "నీ జిమ్మడ," అని రమణమ్మ అనేది. మూడేళ్ళు తిరిగేసరికి ఎవరి తిట్టు ఎవరిదో తెలియనంతగా ఇద్దరికీ రెండు భాషలూ వచ్చేశాయి.

2008 వానాకాలంలో దావూజీకి విసుగొచ్చింది. గట్టు మీద నిలబడి తేల్చి చెప్పాడు: "రాఖీ వెళ్ళిన వారానికి వస్తాను. బోదె తెంచుతున్నది ఎవరో తేలుస్తాను. తప్పు ఎవరిదైతే వాళ్ళు చెక్క ఖాళీ చేస్తారు. రెండో వాళ్ళకి రెండు చెక్కలూ."

రమణమ్మకి ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది. ఎందుకంటే సుకవారో పార పట్టుకుని అడ్డు తెంచుతుండగా కళ్ళారా చూసింది. పరదేశిని దావూజీగా కూర్చోబెట్టి సాక్ష్యం కూడా సాధన చేసింది. "సరే గానీ, పొరపాటున మనమే ఓడిపోతే?" అన్నాడాయన. ఆమె ఆయన ముంజేయి వైపు చూసింది. ఓడిపోతే ఉర్లా.

రాఖీ మర్నాడు ఊరి చెరువు దగ్గర రమణమ్మ బచ్చలి కడుగుతోంది. ఆడవాళ్ళు పాటలు పాడుకుంటూ బుట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చారు. బుట్టల్లో పాలిపోయిన గోధుమ మొలకలు. 'నారుకి ఎండ చూపించలేదు, వ్యవసాయం తెలీనోళ్ళు' అనుకుంది రమణమ్మ. అది చీకట్లో పెంచే భోజలి అనీ, నాగపంచమి నుంచీ దానికి పూజ జరుగుతోందనీ ఆమెకి తెలియదు. బుట్టలు నీళ్ళలో కడిగి, మొలకలు ఒకరి చెవి మీద ఒకరు పెట్టుకుంటున్నారు. ఒక ముసలామె రమణమ్మ చేతిలో కూడా కొన్ని పెట్టింది.

మన వైపు పేరంటానికి వెళ్ళినామె ఏం చేస్తుంది? పసుపు చేతికొస్తే వరసలో పక్కనున్న మనిషికి రాస్తుంది. ఆ మనిషితో కోర్టులో దావా నడుస్తున్నా సరే, దాటించి పక్కామెకి రాయకూడదు. రమణమ్మ ఆ మర్యాదే పాటించింది. పక్కన చూసింది. సుకవారో ఉంది. తన మొహం పక్కకి తిప్పుకుని, సుకవారో చెవి మీద మొలకలు పెట్టేసింది.

పాట ఆగిపోయింది. సుకవారో మొహం సున్నం కొట్టినట్టయింది. తర్వాత చాలా నెమ్మదిగా తన చేతిలోని మొలకలు రమణమ్మ చెవి మీద పెట్టి, రెండు చేతులూ జోడించి, "సీతారాం భోజలి," అంది. పాట మళ్ళీ మొదలైంది, ఈసారి రెట్టింపు గొంతుతో.

ఇంటికొచ్చాక అర్థం చెప్పింది భాగ్యశ్రీ. ఇక్కడి బడిలో చదువుతున్న పిల్ల.

"అమ్మా, ఆమెతో భోజలి కట్టుకొచ్చావు. ఇంక జిందగీ భర్ ఆమె నీకు సొంత అక్క కంటే ఎక్కువ. పేరు పెట్టి పిలవకూడదు, భోజలీ అనే పిలవాలి. ఝగడా పెట్టుకోకూడదు. ఆమె మీద ఎవరి దగ్గరా చాడీ చెప్పకూడదు, పాపం."

"సెవిలో గడ్డి పెట్టుకుంటే అక్కైపోద్దేటే?"

"అయిపోద్ది."

"తీసీస్తేనో?"

"నీళ్ళ దగ్గర అయిపోయింది కదమ్మా."

పరదేశి గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. "ఇన్నాల్లూ నీ నోటికి నా పేరొక్కటే బరువనుకున్నాను. ఇప్పుడింకోటి."

వేరే దేశపు ఆచారం, మనకేం పట్టింపు అనుకోవచ్చు. కానీ రమణమ్మ అమ్ముకునేది ఆ ఊరి ఆడవాళ్ళకే. భోజలి తప్పిన మనిషి దగ్గర ఆకు కొనేవాళ్ళుండరు. అదొకటి. రెండోది, నీళ్ళ ఒడ్డున చేసిన పని కాదనడానికి ఆమెకే భయం వేసింది.

ఆ వారం చూడవలసిన వారం. మర్నాటి పొద్దున్నే సుకవారో గిన్నెలో బియ్యప్పిండి ఫరాలు పట్టుకొచ్చి గట్టు మీద పెట్టింది. రమణమ్మ గోంగూర పచ్చడి ఇచ్చింది. ఇద్దరూ బోదె వైపు చూశారు. అడ్డు తెగి ఉంది. నీళ్ళు సుకవారో మడిలోకి పోతున్నాయి.

"ఎవుర్తో తెంచీసింది భోజలీ," అంది రమణమ్మ పళ్ళ సందులోంచి.

"అవును భోజలీ. ఎవత్తో రోగహీ."

"దాని సేతులు పడిపోను."

"పడిపోవాలి భోజలీ," అంది సుకవారో తన చేతులు చీర వెనక దాచుకుని.

వారానికి దావూజీ మోటారు సైకిల్ మీద వచ్చి బోరు పక్క సిమెంటు తొట్టి అంచున కూర్చున్నాడు. చెరువు దగ్గరి ఆడవాళ్ళు కూడా వచ్చారు, వాళ్ళకి ఆ రోజు పనేమీ లేనట్టు.

"ఊఁ, రమణమ్మా. బోదె ఎవరు తెంచారు? నువ్వు చూశావట."

"సూసినాను దావూజీ."

"ఎవరిని?"

"మనిషినే."

"పేరు?"

రమణమ్మ సుకవారో వైపు చూసింది. సుకవారో బీర పందిరి వైపు చూసింది.

"పేరు సెప్పకూడదు."

"ఎందుకు, నీ మొగుడా?"

అందరూ నవ్వారు. పరదేశి కూడా నవ్వబోయి ఆగాడు. దావూజీ నవ్వలేదు. "చూసి కూడా చెప్పవంటే తప్పు నీదే. ఈ పంట తీసుకుని చెక్క ఖాళీ చెయ్యి."

పరదేశి కుడి చెయ్యి తువ్వాలు కిందకి పోయింది. రమణమ్మ అది చూసింది. చూసి కూడా నోరు తెరవలేదు. జీవితంలో ఆమె నోరు మూసుకుని నిలబడ్డ సందర్భం అదొక్కటేనని భాగ్యశ్రీ ఇప్పటికీ చెబుతుంది.

"దావూ," అంది సుకవారో. "తెంచింది నేను."

అక్కడితో రమణమ్మ గెలిచింది. బుద్ధున్న మనిషి ఎవరైనా అక్కడ ఆగుతారు. కానీ సుకవారో తనకన్నా పై మెట్టు మీద నిలబడ్డం ఆమెకి ఏ విషయంలోనూ గిట్టదు.

"అదేటి భోజలీ, నువ్వు తెంచింది మొన్న కదా. అంతకుముందే నాను తెంచనేదేటి?"

"దానికి ముందు నాగపంచమికి నేను తెంచాను భోజలీ."

"నాగపంచమికి నువ్వు తెంచింది ఏది? నాను నీ అడ్డు తెంచీసి ఏసుకున్న అడ్డు. ముందు తెంచింది నానే."

"నీ సొరపాదు మొదలు కోసింది కూడా నేనే."

"ఓలి నీ జిమ్మడ, అది నువ్వా," అంది రమణమ్మ. ఆడవాళ్ళంతా ఊపిరి బిగబట్టారు. "...భోజలీ," అని అతికించింది.

దావూజీ తల పట్టుకున్నాడు. ఇద్దరిదీ తప్పైతే ఇద్దరూ పోవాలి. పోతే ఆ బురద చెక్కలు తీసుకునేవాడు లేడు. ఒకరినే పంపితే భోజలిని విడదీసిన పాపం దావూజీది అని చెరువు గట్టు మీద పాట కట్టడానికి ఆడవాళ్ళు ఎదురుగానే నిలబడి ఉన్నారు. ఆయన లేచి మోటారు సైకిల్ స్టార్టు చేశాడు.

"ఉండండి ఇద్దరూ. చచ్చేదాకా ఉండండి. ఇంకెప్పుడూ నన్ను పిలవకండి."

పరదేశి మళ్ళీ ఉర్లా వైపు వెళ్ళలేదు. మోవా ఆ తర్వాత మేడలు కట్టుకుంటూ చాలా దూరం నడిచొచ్చింది గానీ ఆ రెండు చెక్కల దాకా ఇంకా రాలేదు. ఈ కథ విని భాషలు కలిశాయి, మనసులు కలిశాయి అని ఎవరైనా ఉపన్యాసం ఎత్తుకోబోతే, తీర్పు మర్నాడు తెల్లవారి ఆ గట్టు మీద నిలబడి ఉండాల్సింది.

అడ్డు తెగి ఉంది. ఈసారి నీళ్ళు రమణమ్మ మడిలోకి పోతున్నాయి. సుకవారో నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

"సీతారాం భోజలి. ఎవత్తో తెంచేసింది."

"అవును భోజలీ," అంది రమణమ్మ, పార బీర పందిరి వెనక్కి మెల్లగా కాలితో తోస్తూ. "దానికి సిగ్గు నేదు."