ఎర్ర చుక్క బ్లేడు, నీలం చుక్క బ్లేడు

విల్మా కోస్కెలాకి వెనక్కి జారడం రాదన్న సంగతి కెనడాలోని మా థండర్ బేలో మంచు హాకీ ఆడే ఆడవాళ్ళందరికీ తెలుసు. ముందుకైతే దానికి తిరుగులేదు. వెనక్కి జారాల్సి వచ్చిందా, ఇక అంతే, మంచు మీద చతికిలబడుతుంది. డిఫెన్స్ ఆడే మనిషికి వెనక్కి జారడం రాకపోతే ఎలా? ఎదుటివాళ్ళు పక్ అనే రబ్బరు బిళ్ళని కర్రతో తోసుకుంటూ మీదికొస్తుంటే, వాళ్ళ మొహంలోకి చూస్తూ వెనక్కి జారుతూ దారి మూసెయ్యడమే కదా డిఫెన్స్ పని. అది కూలబడితే ఆ వచ్చే మనిషికీ గోలుకీ మధ్య మిగిలేది నేనొక్కదాన్నే. నేను గోలు కాచే గోలీని. కాబట్టి విల్మా గురించి చెప్పే హక్కు నాకున్నంతగా ఇంకెవరికీ లేదు.

విల్మా నగరంలో మంచు తోసే బండి నడుపుతుంది. యాభై దాటింది. మాట తక్కువ, పంతం ఎక్కువ. చిన్నప్పుడు దాని అన్నలు గడ్డకట్టిన చెరువు మీద ఆడుకుంటూ, దీన్ని ఒక కొసన బూట్లతో నిలబెట్టి "నువ్వు డిఫెన్స్, కదలకు" అనేవారట. స్కేట్లు కొనిచ్చిన పాపాన మటుకు ఎవరూ పోలేదు. తన పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి బతుకు వాళ్ళు చూసుకున్నాక, ఒకరోజు తనే వెళ్ళి స్కేట్లు కొనుక్కుంది. చిన్న పిల్లల క్లాసులో చేరి, కుర్చీ తోసుకుంటూ నిలబడడం నేర్చుకుంది. మా జట్టులోకి వచ్చిన రోజున ఏం ఆడతావని అడిగితే "డిఫెన్స్" అంది. అప్పటినుంచీ అదే మాట.

ఆ చలికాలం మా కెప్టెన్ డార్లా బెలాంజె దాన్ని పక్కకి పిలిచింది. డార్లా మా అందరికంటే చిన్నది, మనిషి మంచిదే గానీ గెలుపు పిచ్చి జాస్తి. నేను కాళ్ళ ప్యాడ్లు విప్పుకుంటూ అంతా విన్నాను.

"విల్మక్కా, ఏమీ అనుకోకు. లీగ్ అయ్యాక ప్లేఆఫ్స్‌కి నిన్ను ముందు వరసలో వింగ్‌లోకి వేస్తున్నా. నీ చోట్లో షైలా ఆడుద్ది."

"పడకుండా ఆడితే?"

"ఎప్పుడక్కా? ఇన్నేళ్ళుగా చూస్తన్నాం కదా."

"ప్లేఆఫ్స్‌కి ఇంకా టైముంది."

డార్లా నిట్టూర్చింది. "సరే, లీగ్ చివరి ఆట దాకా చూస్తా. ఆ ఆటలో పడకపోతే నీ చోటు నీదే. పడితే మటుకు నన్ను తిట్టుకోకు."

విల్మా తలాడించి వెళ్ళిపోయింది. వింగ్ ఆడడంలో తప్పేముందని మీరనొచ్చు. దాని మొహం చూసి ఉంటే అనేవారు కాదు. ఎంతకాలం ఆడినా, ఎవరో దయతలచి ఒక మూల నిలబెట్టిన మనిషిలాగే ఉండిపోతానేమోనని దాని బెంగ. డిఫెన్స్ చోటు తన ఆటతో తను నిలుపుకోవాలి, అంతే.

పెద్దయ్యాక హాకీ మొదలెట్టిన వాళ్ళందరికీ ఒక జబ్బుంటుంది. ఆట కుదరకపోతే తప్పు బ్లేడుదే. స్కేటు బ్లేడు అడుగు చూడ్డానికి తిన్నగా ఉంటుంది గానీ, నిడివి పొడుగునా కాస్త వంపు ఉంటుంది. వంపు ఎక్కువైతే మంచుకి తగిలేది కొంచెమే, గిర్రున తిరగొచ్చు. వంపు తగ్గితే బ్లేడు చాలా భాగం మంచుని అంటుకుని ఉంటుంది, నిలకడగా పోవచ్చు. మడమ వైపు ఎత్తు పెంచి సాన పట్టిస్తే ఒళ్ళు ముందుకి వాలుతుంది. డ్రెస్సింగ్ రూములో ఈ విషయం ఎత్తితే చాలు, బీరు డబ్బా పట్టుకున్న ప్రతివాళ్ళూ పండితులే. ఒకతె వంపు పెంచమంది. ఒకతె తగ్గించమంది. విల్మా అందరి మాటా విని, అన్నీ చేసి చూస్తానంది.

మేం ఆడే మంచు రింకు పక్కనే లూబో అనే స్లొవాక్ ముసలాయన సాన కొట్టు. మనిషికి నోరెక్కువ.

"ఈ వయసులో నీకెందుకమ్మా ఈ తిప్పలు? బ్లేడు మారిస్తే కాళ్ళు మారతాయా?" అన్నాడు.

"నువ్వు సాన పట్టు బాబాయ్, పడేది నేను కదా," అంది విల్మా.

మధ్యాహ్నాలు రింకు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళేవాళ్ళం. నేను గట్టు మీద కూచుని గులాబీరంగు పూత పూసిన పెర్షియన్ బన్ను తింటూ చూసేదాన్ని. వంపు ఎక్కువున్న బ్లేడుతో మొదటి రోజే బొంగరంలా తిరిగి గోడకి కొట్టుకుంది. దాన్ని వదిలేసింది. తరవాత రెండు జతలు చేయించింది. మా స్కేట్లకి బ్లేడు ఊడదీసి ఇంకోటి బిగించుకోవచ్చు, మీట నొక్కితే చాలు. ముందుకి వాలే జతకి గోళ్ళ రంగుతో ఎర్ర చుక్క పెట్టుకుంది. తిన్నగా, నిలకడగా ఉండే జతకి నీలం చుక్క. ఎర్రవి తొడిగితే బోర్లా పడేది. నీలంవి తొడిగితే వెల్లకిలా పడేది. చూడలేక నాకు ఒళ్ళు మండేది.

"ఇంక చాల్లేవే, నడుం విరగ్గొట్టుకుంటావా ఏంటి?" అని అరిచేదాన్ని.

"నువ్వు బన్ను తిను," అనేది.

లీగ్ చివరి ఆట రోజున తెల్లవారినప్పటినుంచీ ఒకటే మంచు. విల్మా బండి దిగి తిన్నగా రింకుకే వచ్చింది, కళ్ళజోడు బండిలోనే మరిచిపోయింది. మేమంతా అప్పటికే మంచు మీదున్నాం. ఒంటరిగా కూచుని ఆదరాబాదరా బ్లేడులు బిగించుకుని పరిగెత్తుకొచ్చింది. నీలం జత వేసుకోవాలని ముందురోజే అనుకుంది. ఈ ఆటలో పడితే డిఫెన్స్ పోయినట్టే అని దానికీ తెలుసు, నాకూ తెలుసు.

మొదటిసారి ఎదుటిపిల్ల పక్ తీసుకుని మీదికొచ్చింది. విల్మా వెనక్కి జారింది. అలవాటు కొద్దీ నేను ముందుకి జరిగి కాచుకున్నాను. అది పడలేదు. ఆ పిల్ల విసుగొచ్చి పక్ మూలకి కొట్టేసింది. రెండోసారీ అంతే. ఆ తరవాత ఇక లెక్క చూసుకోవడం మానేశాను. వెనక్కి జారుతోంది, పక్కకి తిరుగుతోంది, మళ్ళీ వెనక్కి జారుతోంది. మాస్కులోంచి గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాను, ఆ ధ్యాసలో ఒక తేలిక గోలు నేనే వదిలేశాను. దానికి విల్మా బాధ్యురాలు కాదని ఇక్కడ చెప్పి తీరాలి.

ఆట అయ్యాక బెంచీ మీద కూచుని బ్లేడులు తుడుచుకుంటూ విల్మా ఆగిపోయింది. ఒకదాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుంది, ఇంకోదాన్నీ పెట్టుకుంది.

"ఇదేంటే?" అని నాకిచ్చింది.

ఎడమ కాలిది ఎర్ర చుక్క. కుడి కాలిది నీలం చుక్క.

గది గదంతా పగలబడి నవ్వింది. కళ్ళజోడు లేకుండా చెరో జత నుంచీ ఒక్కోటి బిగించుకుని ఆడేసింది మహాతల్లి. నవ్వనిది విల్మా ఒక్కతే. ఎడమ చీలమండ పట్టుకుని పైకీ కిందకీ ఆడించి చూస్తోంది. అది పైకి సరిగ్గా వంగడమే లేదు.

"పదేళ్ళ కిందట బండి మెట్టు మీంచి జారి ఇది విరిగింది," అంది నెమ్మదిగా. "అతికింది గానీ ఇప్పటికీ సరిగ్గా వంగదు. ఈ కాలు ముందుకి వాలనివ్వదు కాబట్టి నీలం బ్లేడు మీద వెనక్కి పడతన్నా. ఎర్రవి రెండూ వేస్తే కుడికాలు మరీ ముందుకి పోయి బోర్లా పడతన్నా. ఇప్పుడు దేనికి కావాల్సింది దానికుంది."

సంగతి లూబోకి చెబితే నెత్తి కొట్టుకున్నాడు. "ఒకే మనిషికి రెండు రకాలా? పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు. రెండూ ఒకేలా సాన పట్టి ఇస్తా, తీసుకురా."

"వద్దు బాబాయ్," అంది విల్మా. "కాళ్ళు రెండూ ఒకేలా లేవు కదా."

డార్లాకి మటుకు నమ్మకం కుదరలేదు. "ఇవాళ్టిది లీగ్‌లో అట్టడుగు జట్టక్కా, ఏదో కలిసొచ్చింది. రేపు సెమీఫైనల్లో రోండా వస్తది ఎదురుగా. ఆ పిల్ల యూనివర్సిటీకి ఆడింది. షైలానే వేద్దాం."

నేను కాళ్ళ ప్యాడ్లు తీసి డార్లా ముందు పడేశాను. "పడకపోతే నీ చోటు నీదే అన్నావు. పడిందా? ఇచ్చిన మాట తప్పితే గోలులో కూడా నువ్వే నుంచో. ఈ ప్యాడ్లు నీకు సరిపోతాయో లేదో చూసుకో మరి."

డార్లా విల్మా వైపు తిరిగింది. "సరే. నీ వల్ల ఒక్క గోలు పడిందంటే మారుస్తానక్కా."

"మార్చు," అంది విల్మా.

సెమీఫైనల్ శనివారం మధ్యాహ్నం. రోండా గురించి డార్లా చెప్పింది ఏ మాత్రం ఎక్కువ కాదు. ఆ పిల్ల వస్తుంటే మంచు చీరుకుపోయే చప్పుడు నాకు గోలు దగ్గరికి వినిపించేది. అయినా చివరి నిమిషాల దాకా ఒక గోలు ఆధిక్యంలో నెట్టుకొచ్చాం. అప్పుడు మావాళ్ళు ఆత్రంగా అందరూ ముందుకి పోయారు, పక్ జారవిడిచారు. రోండా దాన్ని అందుకుని బయల్దేరింది. దారిలో ఉన్నది విల్మా ఒక్కతే.

రోండా మొహంలో చిన్న నవ్వు కనిపించింది నాకు. ఇది పడుతుందని ఆ పిల్లకీ ఎవరో చెప్పే ఉంటారు. ఎడమకి పోతున్నట్టు భుజం వంచింది. విల్మా వెనక్కి జారుతూనే అటే తిరిగింది. కుడికి లాగింది. విల్మా అక్కడా ఉంది. నేను ముందుకి రాలేదు, గోలు గీత వదల్లేదు. జీవితంలో మొదటిసారి దాని వీపుని నమ్మి నా చోట నేను నిలబడ్డాను. రోండా నవ్వు మాయమైంది. ఇక దారిలేక రెండు కాళ్ళ మధ్యనుంచి పక్ దూర్చబోయింది. విల్మా కర్ర చాచి పక్‌ని తట్టింది, దాన్ని తనే అందుకుని, అవతలి కొస దాకా తోసేసింది. కాసేపటికి ఆట ముగిసే హారన్ మోగింది.

ఆట అయ్యాక రెండు జట్లూ వరసలో నిలబడి చేతులు కలుపుకుంటాం. రోండా విల్మా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నువ్వు పడతావని చెప్పారే నాకు?"

"ఇన్నాళ్ళూ పడ్డా," అంది విల్మా నన్ను చూపిస్తూ. "పడితే వెనకాల ఇది తిడతది."

నాకు ఏడుపు ఆగలేదు. మాస్కు తియ్యకుండానే లోపలికి వెళ్ళిపోయాను.

ఆ మర్నాడు ఫైనల్. డ్రెస్సింగ్ రూములో ఒకళ్ళ మీద ఒకళ్ళం అరుచుకుంటూ తయారవుతుంటే డార్లా ఎవరెవరు ఎక్కడ ఆడాలో చదివింది. "డిఫెన్స్, విల్మా," అంది మిగతా పేర్లతో పాటే. ఎవరూ తలెత్తి చూడలేదు. షైలా తన హెల్మెట్ వెతుక్కుంటోంది. విల్మా మటుకు లేసులు కట్టుకుంటున్నదల్లా ఒక్క క్షణం చేతులాపి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, మళ్ళీ కట్టుకుంది.