అన్నయ్య నడకకు వాయించిన దరువు

మా పక్కింటి పిల్ల ఆసుపత్రిలో పక్షవాతం వచ్చినవాళ్లకు నడక నేర్పుతుంది. వీధిలో అందరికీ ఆమె నడకలమ్మే. ఆమె పనితనం మా అన్నయ్యకు కాలు పడిపోయాకే నాకు తెలిసింది.

మంచం దిగితే చాలు, అన్నయ్య కాళ్లు నేలకు అతుక్కుపోయేవి. ఒకరోజు రేడియోలో డ్రమ్ము దరువు మోగితే మాత్రం రెండడుగులు వాటంతటవే పడ్డాయి.

"ఈ దరువు రోజూ వినిపిస్తే నడుస్తారు పెద్దమ్మా," అంది నడకలమ్మ.

"సెల్లు షాపువాడినడిగితే ఊరికే ఎక్కిస్తాడు కదే."

"వద్దు. రేడియోలో పేరు చెప్పారు, వాయించినాయనే ఇంటర్నెట్‌లో తన పేజీలో అమ్ముతున్నాడు. ఆయన చేతులు నొప్పిపుట్టేలా వాయిస్తే మనం చాటుగా లాక్కుంటామా?"

"నా వయసు రాకముందే నీకీ చాదస్తమేంటే," అన్నాను.

ఆమె దరువు కొని, ఎవరికోసమో కూడా ఆయనకు రాసింది. నేను భుజం మీదుగా చూస్తూనే ఉన్నాను. మర్నాడే జవాబొచ్చింది: "పెద్దాయన నిమిషానికి ఎన్ని అడుగులు వేయగలరు?" నడకలమ్మ గడియారం పట్టుకుని లెక్కపెట్టి, ముప్ఫై ఎనిమిదని రాసింది.

వారం తిరక్కుండా ఆయన అదే దరువును అన్నయ్య నడకకు సరిపడేంత నెమ్మదిగా మళ్లీ వాయించి పంపాడు. అది వింటూ అన్నయ్య మంచం దగ్గర్నుంచి కిటికీ దాకా ఆగకుండా నడిచాడు.

"ఎవరే ఇతను? నా కాళ్లు చూస్తూ వాయిస్తున్నట్టుంది," అన్నాడు.

ముక్కూమొహం తెలియని మనిషి ఎక్కడో కూర్చుని మా అన్నయ్య కాళ్ల కోసం వాయించాడు. అలాంటిది మా వీధిలో ఎవరూ చూసి ఎరగరు.